డ్రైవరు వెనక సీటు

మా ఆయన గురక వీధి చివరి దాకా వినిపిస్తుందని చుట్టుపక్కలవాళ్లు అనేవాళ్లు. అంత లేదు. మా ఇంటికి రెండిళ్ల అవతల దాకా మాత్రం వినిపించేది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే మొదటి బస్సు తీసేది ఆయనే కాబట్టి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, భోంచేసి, ముందు గదిలో చాప పరుచుకుని పడుకునేవారు. అదే గదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను. వేసవి వస్తే బడి యూనిఫారాల పని నాకు ఊపిరి సలపనిచ్చేది కాదు. ఇటు నా మిషను మోత, అటు ఆయన గురక. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలోనే ఆగి, "రెండో మిషను ఎప్పుడు కొన్నావమ్మా?" అని నవ్వేవాళ్లు.

మా అత్తయ్యకి మాత్రం ఆ గురకంటే గర్వం.

"వాళ్ల నాన్నగారూ అంతే. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే మగాడికే అలాంటి నిద్ర పడుతుంది," అనేది.

మామయ్యని నేను చూడలేదు. నేను కాపురానికి రాకముందే పోయారు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేపితే లేవలేదట. ఆ సంగతి అత్తయ్య ఏడుస్తూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు. "ఒక్క పూట మంచాన పడలేదు. ఒకరిని గ్లాసుడు మంచినీళ్లు అడగలేదు. అంత హాయిగా పోయారు మహానుభావుడు," అని చెప్పేది. ఎవరింట్లో ఎవరు పోయినా పరామర్శకు వెళ్లి ఆ మాట చెప్పి, వాళ్లని ఓదార్చి, తను కూడా కొంచెం తేలికపడి వచ్చేది.

మా ఆయనకి డిపోలో 'వెన్నబ్రేకు' అని పేరు. నిండు గ్లాసు చేత్తో పట్టుకుని ఆయన బస్సులో నిలబడ్డా చుక్క ఒలకదని కండక్టర్లు చెప్పుకునేవాళ్లు. ఇంట్లోనూ అంతే, మెత్తటి మనిషి. అలాంటి మనిషి ఆ వేసవి మొదలయ్యేసరికి ముట్టుకుంటే కస్సుమనేలా తయారయ్యారు. పొద్దున లేస్తూనే తలనొప్పి. రాత్రి రెండు మూడుసార్లు బాత్రూముకి లేవడం. భోజనం చేస్తూ చేస్తూ ముద్ద చేతిలో పట్టుకునే కునుకు తీసేవారు. "ఏవండీ" అంటే ఉలిక్కిపడి, "నిద్రపోలేదు, ఆలోచిస్తున్నా," అనేవారు. చొక్కా కాలరు రెండుసార్లు వదులు చేశాను. ఎండలు, ఉద్యోగం, వయసు, ఏదో ఒకటి అనుకున్నాం.

డిపోలో చేసిన పరీక్షలో బీపీ ఉందని తేలింది. మా సందు మలుపులో మెడికల్ షాపు పైన క్లినిక్ పెట్టుకున్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ మాత్రలు రాసింది. కొన్నాళ్లకి మోతాదు పెంచింది. ఆ తరవాత ఇంకో రకం మాత్ర కలిపింది. బీపీ మాత్రం కదల్లేదు.

ఆ తరవాతిసారి నేనూ వెళ్లాను. మోకాలు చూపించుకుంటానని అత్తయ్యా బయల్దేరింది.

డాక్టరమ్మది పెద్ద క్లినిక్ కాదు. బయట గదిలో మూడు బెంచీలు, లోపల పచ్చ కర్టెను వెనక ఆవిడ బల్ల. ఆయన బీపీ చూసి, పట్టీ విప్పుతూ, "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగింది.

"వేసుకుంటున్నానండి."

ఆవిడ నా వంక చూసింది.

"నేనే చేతికిస్తానండి. వేసుకునేదాకా ఎదురుగానే నిలబడతాను," అన్నాను.

"ఉప్పు?"

"ఇంట్లో ఎవరికీ రుచి తెలియకుండా పోయిందమ్మా," అంది అత్తయ్య.

డాక్టరమ్మ నవ్వి, రక్తపరీక్షలకి రాసి, ఆయన్ని బయట కూర్చోమంది. తరవాత అత్తయ్య మోకాలు పట్టుకుని వంచి చూస్తుండగా బయటనుంచి గురక మొదలైంది. కూర్చుని ఇంకా పట్టుమని పది నిమిషాలు కాలేదు. నాకు తల కొట్టేసినంత పనైంది.

"ఎవరది?" అంది డాక్టరమ్మ.

"మావాడే," అంది అత్తయ్య, ఎప్పటిలాగే కాస్త గర్వంగా.

ఇంతలో గురక ఆగింది. నేను హమ్మయ్య అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం అత్తయ్య మోకాలి మీద చెయ్యి తియ్యకుండా అలాగే ఉండిపోయింది. తల కొంచెం పక్కకి వంచి వింటోంది. బయట ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. అప్పుడు బయట ఒక్కసారిగా, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు, పెద్దగా గాలి పీల్చిన చప్పుడు. మళ్లీ గురక.

ఆవిడ లేచి కర్టెను తీసి నిలబడింది. ఆవిడ వెనకే నేను. మా ఆయన తల గోడకి ఆనించి, నోరు తెరుచుకుని ఉన్నారు. మళ్లీ ఆగింది. ఈసారి చూశాను. ఛాతీ, పొట్ట ఎగిసిపడుతున్నాయి కానీ గాలి లోపలికి పోతున్న జాడ లేదు. ముఖం కందిపోతోంది. ఇన్నేళ్లుగా ఆయన పక్కన పడుకుంటున్నాను, అలా ఆగినప్పుడల్లా 'కాసేపైనా ప్రశాంతంగా ఉంది' అనుకుని అటు తిరిగి పడుకునేదాన్ని.

"లేపండి," అంది డాక్టరమ్మ.

లోపల కూర్చోబెట్టి ఆవిడ అడిగిన ప్రశ్నలకి ఆయన కంటే నేనూ అత్తయ్యే ఎక్కువ జవాబులు చెప్పాం. పొద్దున తలనొప్పి ఉంటుందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, పగలు కునుకుపాట్లు వస్తాయా, కోపం పెరిగిందా. ఆవిడ అడిగిన ప్రతిదీ మా ఇంట్లో కూర్చుని చూసినట్టే ఉంది.

"నిద్రలో గొంతు కండరాలు సడలిపోయి గాలి దారి మూసుకుపోతోంది," అంది ఆవిడ. "ఊపిరాడక మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మీకు తెలీదు, మీరు నిద్రపోయాననే అనుకుంటారు. రాత్రంతా అలా లేస్తూనే ఉంటే పొద్దున తల నొప్పి పెట్టక ఏం చేస్తుంది? బీపీ దిగకపోవడానికి కూడా ఇదే కారణం అయ్యుండొచ్చు. నేను మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న ఇది. మాత్రలు పెంచుకుంటూ పోయాను."

"గురక అందరూ పెడతారు కదండీ," అన్నారు ఆయన.

"పెడతారు. అందరికీ ఊపిరి ఆగదు."

"వాళ్ల నాన్నగారిదీ ఇలాగే ఆగేదమ్మా," అంది అత్తయ్య. "ఆగి, మళ్లీ అందుకునేది. వంశంలోనే ఉంది మాకు."

"ఆయన ఇప్పుడు..."

"లేరమ్మా. నిద్రలోనే పోయారు. ఒక్క పూట మంచాన..."

అత్తయ్య అక్కడ ఆగిపోయింది. డాక్టరమ్మ బల్ల మీది కాగితం దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది. అత్తయ్య పైటకొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

పెద్దాసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి పరీక్ష చేస్తారని, దానికి రెండు వారాల దాకా పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఒళ్లు తగ్గించమంది. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోమంది. అన్నిటికీ ఆయన తలూపారు.

"ఇంకొకటి. దీనికి వైద్యం మొదలై, మీకు పగటి కునుకుపాట్లు తగ్గేదాకా బస్సు నడపకూడదు."

"అదెలా కుదురుతుందండీ?"

"కుదరాలి."

"నా బండికి ఇంతవరకూ గీత పడలేదు."

"అందుకే ఇప్పుడు చెబుతున్నాను," అంది ఆవిడ. "డిపోలో మీ అంతట మీరే చెప్పండి. పరీక్ష రోజు వచ్చేసరికి చెప్పకపోతే నేను చెప్పాల్సి వస్తుంది. మీకు తెలియకుండా మాత్రం చెయ్యను."

ఆయన మర్నాడు పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. "చెబుతారా?" అని అడిగితే, "చెబితే నన్ను బస్టాండులో మైకు దగ్గర కూర్చోబెట్టి బస్సుల నంబర్లు చదివిస్తారు. పనికిరాని వాళ్లనే అక్కడ వేస్తారు. నీకేం తెలుసు," అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక అత్తయ్య వచ్చి చాప పక్కన కూర్చుంది. మామూలుగా ఆ వేళకి తనూ కాసేపు నడుం వాల్చేది. ఆ రోజు చేతిలో విసనకర్ర పట్టుకుని కొడుకు ముఖం వైపే చూస్తూ కూర్చుంది. గురక ఆగినప్పుడల్లా విసనకర్ర ఆగేది. ఊపిరి అందుకున్నాక మళ్లీ విసిరేది. నేను మిషను తొక్కడం ఆపి, కాజాలు కుట్టే పని తీసుకున్నాను.

చాలాసేపటికి, నా వైపు చూడకుండానే, "అమ్మాయ్," అంది. "ఆ వేళ కూడా ఆగింది. నాకు మెలకువగానే ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ మామయ్యది. ఆగింది. మళ్లీ అందుకుంటారులే అని చూస్తున్నా. రోజూ ఉండేదే కదా. అలా చూస్తూ చూస్తూ నాకే నిద్ర పట్టేసింది."

సూది పక్కన పెట్టాను. మీ తప్పేం లేదత్తయ్యా అంటే, తప్పుందని ఎవరో అన్నట్టే అవుతుంది. లేచి వెళ్లి ఆవిడ చేతిలో విసనకర్ర తీసుకుని నేను విసిరాను. ఆవిడ కాదనలేదు.

వారం గడవకముందే కండక్టరు మా ఇంటికొచ్చాడు. మా ఆయనతో పనిచేసే కుర్ర కండక్టరు. ఆగమన్నా పొమ్మన్నా విజిలుతోనే చెబుతాడు కాబట్టి అందరూ 'విజిలు' అనే పిలుస్తారు. ఆయన పడుకుని ఉండగా వచ్చి, గుమ్మం బయటే నిలబడి, నన్ను సైగ చేసి పిలిచాడు.

"అక్కా, అన్నకి ఒంట్లో బాగోలేదా?"

"ఎందుకూ?"

"ఏం లేదు. నిన్న వంతెన దిగుతుంటే బండి పక్కకి లాగేసింది. లాగింది అంటున్నాగానీ, బండి లాగలేదక్కా. అన్న తల ఇలా వాలింది. నేను వెళ్లి చెవిలో విజిలు ఊదాను. అంతే, సర్దుకున్నాడు. బండినిండా జనం. ఎవరికీ తెలీదు. నేనెవరికీ చెప్పలేదు. నువ్వు కూడా నేను చెప్పానని..."

"చెప్పనులే."

వాడు వెళ్లిపోయాక తిరిగి చూస్తే వెనకే అత్తయ్య. అంతా విన్నదని ముఖమే చెబుతోంది.

మర్నాడు నేను లేచేసరికి అత్తయ్య తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో గొడుగుతో గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఇంట్లో ఉక్కపోస్తోంది. బస్సులో గాలొస్తుంది."

"అమ్మా, నువ్వేంటి ఈ వేళప్పుడు?" అన్నారు ఆయన చెప్పులేసుకుంటూ.

"నీ బస్సు నీ సొంతమేంట్రా? టిక్కెట్టు కొనుక్కునే ఎక్కుతాను."

అలా మొదలైంది. డ్రైవరు వెనక సీటులో మా అత్తయ్య. మోకాళ్ల నొప్పితో మెట్టెక్కడానికే విజిలు చెయ్యందించాలి. ఎక్కి కూర్చున్నాక మాత్రం దిగే ప్రసక్తి లేదు. ఆయన డ్యూటీ అయ్యేదాకా అటు చివరికీ ఇటు చివరికీ తిరుగుతూనే ఉండేది. వెనకనుంచి చెవిలో జోరీగలా మాట్లాడుతూనే ఉండేదట. ఆయన చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెప్పిన సంగతి, మా పెళ్లిలో ఉంగరం వెతుక్కున్న సంగతి, అన్నీ బస్సంతా వినేలా. ఆయన భుజం కాస్త జారిందనిపిస్తే గొడుగు కొనతో వీపు మీద పొడిచేది. రోజూ ఎక్కే ఆఫీసువాళ్లకి అదొక వినోదం. "మామ్మగారూ, ఇవాళ ఏ కథ?" అని అడిగేవాళ్లట.

ఆయనకి తలకొట్టేసినట్టుండేది. "డిపోలో అందరూ నవ్వుతున్నారు. తల్లిని కాపలా పెట్టుకుని బండి నడుపుతున్నాడని," అని నా మీద విరుచుకుపడ్డారు.

"ఆవిడకి చెప్పండి, నాకెందుకు చెబుతారు?" అన్నాను.

"నవ్వితే నవ్వనీ. నవ్వేవాడు మేలుకునే ఉంటాడు," అంది అత్తయ్య, మోకాలికి వేడినీళ్ల గుడ్డ వేసుకుంటూ.

ఆ మాటకి నాకూ నవ్వొచ్చింది. కానీ మనసు కుదుట పడలేదు. గొడుగు పోటు వంతెన మీద ఎంతవరకు కాపాడుతుంది? ఆ బస్సులో ఉండేది అత్తయ్య ఒక్కతే కాదు. ఆ సాయంత్రం ఆయనతో నెమ్మదిగానే చెప్పాను. "పరీక్ష రోజు దాకా నేను ఆగలేను. ఈ యూనిఫారాలు దుకాణానికి అప్పజెప్పాక తిన్నగా డిపోకి వెళ్లి మేనేజరుగారితో నేనే మాట్లాడతాను. కోపమొస్తే రానివ్వండి."

ఆయన కోప్పడలేదు. దానికే నాకు భయమేసింది. కోప్పడే ఓపిక కూడా లేనట్టు చూసి, అటు తిరిగి పడుకున్నారు.

రెండు రోజుల తరవాత కుట్టిన యూనిఫారాలు పెద్ద మూటలు కట్టుకుని నేనూ ఆయన బస్సే ఎక్కాను. దుకాణం ఆ దారిలోనే. మొదటి ట్రిప్పు కాబట్టి నిలబడ్డవాళ్లు ఎవరూ లేరు. ఎండ ఇంకా ముదరలేదు. కిటికీల్లోంచి చల్లగాలి. అత్తయ్య తన సీట్లో ఉంది. నేను రెండో వరసలో మూటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళుతున్న నర్సు ఎక్కిన మరుక్షణమే నిద్రలోకి జారిపోయింది. అటుపక్క ఒకామె ఒళ్లో చంటిపిల్ల, నోట్లో వేలేసుకుని నిద్ర. వాళ్ల వెనక టిఫిను డబ్బా గుండెలకి హత్తుకున్న పెద్దాయన, అతని తల పక్కవాడి భుజం మీద. మా ఆయన నడిపే తీరు అలాంటిది, ఊయలే.

ఇన్ని రోజుల బడలికో, గాలి హాయికో, కథ మధ్యలోనే అత్తయ్య గొంతు ఆగిపోయింది. ముందుకి వంగి చూస్తే తల కమ్మీకి ఆనించుకుని కునుకు తీస్తోంది. గొడుగు కిందకి జారి కాళ్ల దగ్గర పడి ఉంది.

ఎర్ర లైటు పడి బస్సు ఆగింది. తల్లి మాట ఆగడం ఆయన కూడా గమనించారు కాబోలు, తలెత్తి లోపలి అద్దంలోకి చూశారు. అద్దంలో నాకు ఆయన కళ్లు కనిపించాయి. అమ్మ మీదినుంచి నర్సు మీదికి, చంటిపిల్ల మీదికి, వెనక వరసలోకి వెళ్లాయి. నా దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ అమ్మ దగ్గరికి వచ్చాయి.

పచ్చ లైటు పడింది. బస్సు కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. నేను లేవబోయాను. కానీ ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మెల్లిగా గేరు వేసి, కూడలి దాటించి, అవతల స్టాపులో బస్సుని పక్కకి ఆపారు. ఎంత మెత్తగా ఆపారంటే ఒక్కరికీ మెలకువ రాలేదు. ఇంజిను ఆపాక, ఆ నిశ్శబ్దానికి ఒక్కొక్కరే లేచారు.

"విజిలూ, డిపోకి ఫోన్ చెయ్యి. ఇంకో డ్రైవర్ని పంపించమను," అన్నారు.

"ఏమైందన్నా? బ్రేకా?"

"బండికేం కాలేదు. నాకే బాగోలేదు."

జనం గొణుక్కున్నారు. ఆఫీసుకి ఆలస్యమవుతుందన్నారు. నర్సు మాత్రం ఏదో అర్థమైనట్టు ఆయన దగ్గరికెళ్లి, "ఛాతీలో నొప్పా?" అని అడిగింది. కాదని తలూపారు. ఇంతలో అత్తయ్య ఉలిక్కిపడి లేచి, చేత్తో గొడుగు కోసం తడుముకుంటూ, "నేను నిద్రపోయానా? ఒరేయ్, నేను నిద్రపోయానా?" అంది. ఆవిడ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

ఆయన సీట్లోంచి లేచి వచ్చి, గొడుగు తీసి ఆవిడ ఒళ్లో పెట్టారు.

"పడుకోమ్మా. బండి ఆపేశాను," అన్నారు.

డిపో మేనేజరు మెచ్చుకుని భుజం తట్టలేదు. డాక్టరు వద్దన్నాక కూడా ఇన్నాళ్లు ఎందుకు నడిపావని అడిగాడు. సంజాయిషీ రాసిమ్మన్నాడు. ఆయన భయపడినట్టే మైకు దగ్గర కూర్చోబెట్టాడు. అందరికంటే సీనియరు డ్రైవరు ఒకాయన, లావుపాటి మనిషి, "వెన్నబ్రేకు కరిగిపోయిందర్రా," అన్నాడని తెలిసి నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం వేసవి పోయేదాకా తలొంచుకుని బస్సుల నంబర్లు చదివారు. ఒకసారి నేను అటు వెళ్లినప్పుడు విన్నాను. గొంతు బాగానే ఉంది.

పెద్దాసుపత్రిలో పరీక్ష అయింది. తలకీ ఛాతీకీ వైర్లు అంటించి పడుకోబెట్టారట. "అంతమంది కాపలా ఉంటే నిద్రెలా పడుతుందనుకున్నా, పట్టేసింది," అన్నారు. ఫలితం చూసి డాక్టరమ్మ తను అనుకున్నదే అని చెప్పింది. దాదాపు నిమిషానికోసారి ఊపిరి ఆగుతోంది. రాత్రి ముక్కుకి తగిలించుకుని పడుకుంటే సన్నగా గాలి తోస్తూ దారి మూసుకుపోకుండా చూసే మిషను ఒకటి డిపో వైద్య పథకం కింద వచ్చింది.

దానితో వారంపాటు యుద్ధమే. దాని మాస్కు ముక్కుకి తొడిగి అద్దంలో చూసుకుని, "ఏనుగు తొండంలా ఉంది," అన్నారు. నిద్రలో తెలియకుండానే పీకేసేవారు. చెంపల మీద పట్టీల గాట్లు. గాలి పక్కలనుంచి కారి కళ్లలోకి కొట్టేది. ఒక పొద్దున దాన్ని గదిలో మూలకి విసిరేసి, "ఇంతకంటే ఆ మైకే నయం," అన్నారు. నేను దాన్ని తీసుకుని క్లినిక్‌కి వెళ్లాను.

"మొదటి మాస్కు అందరికీ సరిపోదమ్మా," అంది డాక్టరమ్మ. "చొక్కా కొలతలాంటిదే. వేరే సైజు తెప్పిద్దాం. ఎక్కడ కారుతోందో చూడండి. విసుగు పుట్టి మానేస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తాం."

కొత్తది కాస్త చిన్నది వచ్చింది. పట్టీలు ఒరుసుకునే చోట మెత్తటి నూలుగుడ్డ తొడుగు కుట్టి తగిలించాను. ఇంకో నాలుగు రోజులు సణిగారు. తరవాత ఒక పొద్దున నేను మిషను దగ్గర కూర్చుని ఉంటే వచ్చి, ఏదో పోగొట్టుకున్నవాడిలా తల తడుముకుంటూ నిలబడ్డారు.

"ఏమైంది?"

"తలనొప్పి లేదు," అన్నారు. "కల వచ్చింది."

"ఏం కల?"

"బస్సే. ఎవరో నడుపుతున్నారు. నేను కిటికీ పక్కన కూర్చున్నా. టిక్కెట్టు కూడా తీసుకోలేదు."

ఎన్నాళ్లయిందో ఆయన నాకు కల చెప్పి. నేను తల తిప్పుకుని బాబిన్లో దారం చుట్టాను.

బీపీ దిగడం మొదలైంది. డాక్టరమ్మ ఒక మాత్ర తీసేసింది. మిగిలినవి మానొద్దంది. "ఇప్పుడు బీపీతో వచ్చే ప్రతివాళ్లనీ నిద్ర గురించి అడుగుతున్నాను. సగంమంది నవ్వుతున్నారు," అంది. మేం లేవబోతుంటే అత్తయ్య మాత్రం కదల్లేదు. మమ్మల్ని బయట కూర్చోమంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"అమ్మా, మా వారికీ ఇదేనా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "అయ్యుండొచ్చు పెద్దమ్మా. వేరే గుండెజబ్బూ కావచ్చు. ఆయన్ని నేను చూడలేదు. తెలుసని చెబితే అబద్ధమవుతుంది."

"నేను లేపుంటే?"

"తెలీదు," అంది ఆవిడ. తన కుర్చీ అత్తయ్య దగ్గరికి జరుపుకుంది. "కానీ ప్రతి రాత్రీ ఒక మనిషి ఊపిరికి కాపలా కాయడం ఎవరివల్లా కాదు. మీరు కొన్నాళ్లు పగలు కాసినందుకే ఎంత అలిసిపోయారో చూడండి."

అత్తయ్య తలూపింది. మెట్లు దిగేటప్పుడు ఆయన ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు. ఎప్పుడూ విదిలించుకునే మనిషి ఆ రోజు పట్టుకోనిచ్చింది. ఆ తరవాత ఎవరింటికి పరామర్శకు వెళ్లినా, "మావారు నిద్రలో పోయారు," అని మాత్రమే అనేది. ఇంకేమీ కలిపేది కాదు. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే పక్కన కూర్చునేది, అంతే.

బడులు తెరిచారు. వానలు పడ్డాయి. పెద్దాసుపత్రివాళ్లు మళ్లీ చూసి, పగటి కునుకుపాట్లు లేవని కాగితం ఇచ్చాక ఆయనకి బస్సు తిరిగి ఇచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా ఆ సీనియరు డ్రైవరు మా ఇంటికొచ్చాడు. గుండీ ఊడిందని ఖాకీ చొక్కా చేతికిచ్చాడు. మా ఆయన ముక్కుకి మిషను తగిలించుకుని పక్క గదిలో పడుకున్నారు. నాకు పాత మంట ఇంకా చల్లారలేదు. మాట్లాడకుండా సూదిలో దారం ఎక్కించాను. గుండీ పని ఎంతసేపు? ఆయన మాత్రం బల్ల మీద సర్దుక్కూర్చున్నాడు. వాన గురించి చెప్పాడు. రోడ్ల గుంతల గురించి చెప్పాడు. తరవాత నేల చూపులు చూస్తూ, "ఆ డాక్టరమ్మ... చెప్పగానే బండి మానెయ్యమంటుందా?" అన్నాడు.

నేను తలెత్తాను. గుమ్మం దగ్గర కూర్చున్న అత్తయ్య కూడా ఇటు తిరిగింది.

"మీకు ఊపిరి ఆగుతుందా?" అని అడిగింది.

"నాకేం తెలుసు పెద్దమ్మా. గురకైతే ఉందంటారు."

"మీకెలా తెలుస్తుంది నాయనా, మీరు నిద్రపోతుంటారు. తెలిసేది మీ ఆవిడకి. ఆవిణ్ణి అడిగారా?"

"లేదు. అడిగితే భయపడుతుందేమోనని."

"భయపడుతూనే ఉండుంటుంది," అంది అత్తయ్య. "మీరు అడగలేదంతే."

వాన చూరునుంచి కారుతున్న చప్పుడు. నేను గుండీ కుట్టి, దారం తెంపబోతూ ఆగాను. ఆయన లేచి నిలబడి, చొక్కా కోసం చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనివ్వమ్మా," అన్నాడు నాతో. "సాయంత్రం మా ఆవిడ వచ్చి తీసుకుంటుంది. ఆవిణ్ణి మీరే అడగండి."

"మీరూ రండి," అంది అత్తయ్య.